గోడ చాటుకు వచ్చాక కూడా తూటా ఎందుకు తగులుతుంది: ఆన్‌లైన్ షూటర్ ఆటలకు నెట్‌వర్క్‌ను సరిచేసుకోవడం

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటలు ఆడేవారి నోట తరచుగా ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంటుంది, స్పీడ్ టెస్టులో ఆ వేగం పూర్తిగా కనిపిస్తుంది, యూట్యూబ్‌లో 4కె వీడియో ఎక్కడా ఆగదు. అయినా ఆటలో మాత్రం గోడ చాటుకు వచ్చేశాక ప్రాణం పోతుంది, ఎదుటివాడి తలకు గురిపెట్టి కాల్చినా దెబ్బ నమోదు కాదు, రాత్రి ఎనిమిది దాటితే మన పాత్ర ముందుకు నడిచినట్టే నడిచి మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడుతుంది. దీనికి మందులంటూ ప్రచారంలో ఉన్నవాటిలో చాలావరకు, డీఎన్ఎస్ మార్చడం, విండోస్ రిజిస్ట్రీలో ఏదో విలువ వేయడం, బూస్టర్ యాప్ పెట్టుకోవడం వంటివి, అసలు జబ్బు ఉన్న చోటిని తాకనే తాకవు. షూటర్ ఆటకు కావలసింది వేగం కాదు, తక్కువ ఆలస్యం. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఆలస్యంలో నిలకడ. నిలకడ ఎక్కడ తప్పుతోందో కొలిచి తెలుసుకున్న తర్వాతే సెట్టింగుల మీద చెయ్యి వేయాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న మాట.

ముందు వేగం సంగతి తేల్చుకుందాం. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్కగడుతుంది, అంటే సుమారుగా ప్రతి 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. ప్రతిసారీ మనకు 300 బైట్ల ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) ఒకటి పంపుతుందని అనుకుంటే సెకనుకు 38,400 బైట్లు, అంటే దాదాపు 0.3 ఎంబీపీఎస్ అవుతుంది. ప్యాకెట్ పరిమాణాన్ని రెట్టింపు చేసి లెక్కవేసినా ఒక ఎంబీపీఎస్ దాటదు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ వదిలి 300 ప్లాన్‌కు మారితే ఆట అప్‌డేట్ త్వరగా దిగుతుంది తప్ప, లైన్ మీద ఇంకెవరూ లేనప్పుడు ఆటలో ఏ తేడా రాదు. వీడియో అయితే రాబోయే పది, ఇరవై సెకన్ల భాగాన్ని ముందే తెచ్చి దాచుకుంటుంది, అందువల్ల మధ్యలో అర సెకను అంతరాయం వచ్చినా చూసేవారికి తెలియదు. ఆటకు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఎదుటి ఆటగాడు మరుక్షణం చేయబోయే పని ఇంకా జరగనే లేదు, ముందే తెచ్చి దాచడానికి అక్కడ ఏమీ లేదు. నెట్‌లో ప్యాకెట్లు పంపడానికి టీసీపీ, యూడీపీ అని రెండు పద్ధతులున్నాయి. ఈ కారణంగానే షూటర్ ఆటలు టీసీపీని వదిలి యూడీపీ పద్ధతిని వాడతాయి: టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనక వచ్చినవన్నీ ఆగాలి, యూడీపీలో పోయింది పోగా తర్వాతి ప్యాకెట్‌తో ఆట సాగిపోతుంది. ఈ తేడాను గుర్తుంచుకుంటే, ప్రచారంలో ఉన్న చిట్కాల్లో చాలావాటిని ఎందుకు పక్కన పెట్టవచ్చో తర్వాత సులభంగా అర్థమవుతుంది.

గోడ వెనక చావు లెక్క

మనం కీ నొక్కగానే మన తెరమీద పాత్ర కదులుతుంది. నిజానికి ఆ కదలికను సర్వర్ అప్పటికి ఇంకా ఒప్పుకోలేదు. మన కంప్యూటర్ ముందే ఊహించి చూపిస్తోంది. ఈ పద్ధతి 1996లో క్వేక్‌వరల్డ్‌తో ప్రాచుర్యంలోకి వచ్చింది. అది లేకపోతే మనం నొక్కిన ప్రతి కీ సర్వర్ దాకా వెళ్ళి తిరిగి వచ్చాకే పాత్ర అడుగు వేసేది. ఎదుటివారి కదలికను మాత్రం ఊహించడం కుదరదు కాబట్టి, వచ్చిన రెండు ప్యాకెట్ల మధ్య వారి స్థానాలను కలుపుతూ, కొద్దిపాటి గతాన్ని మన తెర చూపిస్తుంది. మనం కాల్చినప్పుడు సర్వర్ ఆ వార్త తనకు చేరడానికి పట్టిన సమయాన్నీ, మన తెర చూపించే గతాన్నీ లెక్కలోకి తీసుకుని, కాల్చిన క్షణంలో మన తెరమీద ఎదుటివాడు ఎక్కడ కనిపించాడో అక్కడికి కాలాన్ని వెనక్కి తిప్పి, తూటా తగిలిందో లేదో తీర్పు చెబుతుంది.

ఇప్పుడు మీకూ మీ ప్రత్యర్థికీ చెరో 30 మిల్లీసెకన్ల పింగ్ ఉందనుకుందాం. పింగ్ అంటే పోయి వచ్చే సమయం, కాబట్టి ఒక వైపుకు 15. మీరు గోడ చాటుకు కదిలిన వార్త సర్వర్‌కు చేరడానికి 15, అక్కడి నుంచి ప్రత్యర్థికి చేరడానికి మరో 15, అతని తెర చూపించే గతం ఒక 10. అంటే అతను 40 మిల్లీసెకన్ల కిందటి మిమ్మల్ని చూస్తున్నాడు. మీరు అతని తెరమీద కనిపించే ఆఖరి క్షణంలో కాల్చాడు. ఆ తూటా వార్త సర్వర్‌కు చేరడానికి 15, మీరు చనిపోయారన్న తీర్పు మీకు చేరడానికి 15. మొత్తం 70 మిల్లీసెకన్లు. సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో పరుగెత్తే పాత్ర ఈలోగా 35 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే భుజం అప్పుడే గోడ దాటి ఉంటుంది. ఇద్దరి పింగూ 90 అయితే అదే లెక్క 190 మిల్లీసెకన్లకు, దాదాపు ఒక మీటరుకు చేరుతుంది. మీరు మీటరు లోపలికి వచ్చేసి నిలబడ్డాక ప్రాణం పోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. సర్వర్ అన్యాయం చేయలేదు, ప్రత్యర్థి మోసం చేయలేదు. ఈ నాలుగు ప్రయాణాల్లో రెండు ప్రత్యర్థివి, వాటిని మనం మార్చలేమన్నది కూడా గమనించాలి. మన చేతిలో ఉన్నది మన వైపు రెండు ప్రయాణాలే.

పై లెక్క అన్ని ప్యాకెట్లూ ఒకే సమయానికి వస్తాయన్న షరతు మీద నిలబడింది. సగటు పింగ్ 30 ఉన్నా, మధ్యమధ్య ఒక ప్యాకెట్ 120 తర్వాత వస్తే, అది వచ్చేసరికి దాని వంతు దాటిపోయి ఉంటుంది. ఆట దాన్ని పారేయాలి, లేదా ఆ ఖాళీని ఊహతో పూడ్చాలి. ఆ ఊహ తప్పినప్పుడే పాత్రలు జారడం, వెనక్కి లాగబడటం జరుగుతుంది. ఆలస్యంలో వచ్చే ఈ హెచ్చుతగ్గులనే జిట్టర్ అంటున్నారు. కదలకుండా 60 దగ్గర నిలిచిన పింగ్‌తో చక్కగా ఆడుకోవచ్చు, 20కీ 150కీ మధ్య ఊగే పింగ్‌తో ఆడటం చాలా కష్టం. ప్యాకెట్లు పూర్తిగా మాయమయ్యే ప్యాకెట్ లాస్ అయితే ఇంకా చెడ్డది. ఒకటి రెండు శాతం ఉన్నా కాల్పుల సమయంలో తేడా తెలిసిపోతుంది.

దూరం పెట్టే హద్దు

ఏ సెట్టింగూ దాటలేని హద్దు ఒకటుంది. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి గీత గీసినట్టు కొలిస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి 6 మిల్లీసెకన్లకు తక్కువ పింగ్ అసాధ్యం. కేబుల్ గీత గీసినట్టు పోదు, రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట తిరిగి పోతుంది, దారిలో రౌటర్లు ఉంటాయి. అందువల్ల 15 నుంచి 25 మధ్య వస్తే అది మంచి కనెక్షన్ కింద లెక్క. విశాఖపట్నం నుంచి ముంబై 1,100 కిలోమీటర్లు, అక్కడివారికి సహజంగానే మరికొంత ఎక్కువ వస్తుంది. కౌంటర్ స్ట్రైక్ 2కు ముంబైతో పాటు చెన్నైలోనూ సర్వర్లు ఉన్నాయి కాబట్టి నెల్లూరు, తిరుపతి వాళ్ళకు ఆ ఆటలో అనుకూలం ఎక్కువ. డాలస్‌లో ఉన్న అన్న, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ముంబై సర్వర్‌లో కలిసి ఆడాలనుకుంటే మాత్రం మధ్య దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. కాంతి వేగమే అన్నకు 140 మిల్లీసెకన్ల హద్దు పెడుతుంది, వాస్తవంలో 200 దాటుతుంది. ఆ ఇద్దరికీ పోటీ మ్యాచ్ కంటే సరదా మ్యాచే మేలు. వాలరెంట్ తయారుచేసిన రాయట్ సంస్థ 2020లో ఆటను విడుదల చేసినప్పుడు, 70 శాతం ఆటగాళ్ళకు 35 మిల్లీసెకన్ల లోపు పింగ్ ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. మన రాష్ట్రాల్లో ఫైబర్ ఉన్న ఇంటికి అది అందని సంఖ్య కాదు. మీకు 30 వస్తూ నిలకడగా ఉంటే ఇక సెట్టింగులు మార్చవలసిన పని లేదు.

కొలవడం ఎలా

ఆలస్యం ఇంట్లో పుట్టవచ్చు, ఇంటికీ నెట్ కంపెనీకీ మధ్య పుట్టవచ్చు, కంపెనీకీ ఆట సర్వర్‌కూ మధ్య పుట్టవచ్చు. మూడింటినీ విడదీయడానికి విండోస్‌లో ఉన్న పింగ్ కమాండ్ చాలు. కమాండ్ ప్రాంప్ట్‌ను రెండు కిటికీలుగా తెరిచి, ఒకదానిలో మీ రౌటర్ చిరునామాకు, అంటే సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1కు, రెండోదానిలో ఇంటి బయట ఉన్న సర్వర్ చిరునామా అయిన 1.1.1.1 లేదా 8.8.8.8కు పింగ్ పెట్టాలి; చివర మైనస్ టి చేర్చితే మనం ఆపేదాకా అది సాగుతూనే ఉంటుంది. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టుకుని ఐదు నిమిషాలు చూడండి. కేబుల్ మీద రౌటర్ వరుసలో ప్రతిసారీ ఒక మిల్లీసెకనుకు తక్కువ అనే రావాలి. వైఫై మీద 2, 3, 2, 4 అని వస్తూ హఠాత్తుగా 118, 96, మళ్ళీ 3 అని వచ్చిందంటే, ఆ ప్యాకెట్ ఇంకా మీ గది దాటలేదు, అప్పుడే వంద మిల్లీసెకన్లు పోయాయి. ఆ స్థితిలో నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. రౌటర్ వరుస శుభ్రంగా ఉండి రెండో కిటికీలో మాత్రమే అంకెలు ఎగిరితే జబ్బు బయట ఉంది, లేదా మనం తర్వాత చూడబోయే క్యూలో ఉంది.

ఇదే పరీక్షను ఒకసారి లైన్ ఖాళీగా ఉన్నప్పుడు, ఒకసారి ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి చేయాలి. ఈ మూడు ఫలితాల మధ్య తేడాయే మీకు రోగ నిర్ధారణ. ప్యాకెట్ దారిలో ఉన్న రౌటర్లను ఒక్కొక్కటిగా చూపించే ట్రేస్‌రూట్ కమాండ్ వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: దారిలో ఉన్న ఏదో ఒక రౌటర్ దగ్గర నష్టం లేదా 200 మిల్లీసెకన్లు కనిపించి, దాని తర్వాతి రౌటర్లన్నీ మామూలుగా ఉంటే అది లోపం కాదు. పెద్ద రౌటర్లు తమ గుండా పోయే ప్యాకెట్లను ముందు పంపి, తమను పలకరించేవాటికి తీరిక దొరికినప్పుడు జవాబిస్తాయి. ఒక చోట మొదలైన పెరుగుదల చివరిదాకా కొనసాగితేనే దాన్ని పట్టించుకోవాలి.

వైఫైలో పోయేది

వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. పరికరం ముందు విని, ఎవరూ మాట్లాడటం లేదనుకుంటే కొద్దిసేపు ఆగి పంపుతుంది. ఇద్దరూ ఒకేసారి పంపితే రెండూ చెడి, మళ్ళీ మొదలుపెట్టాలి. కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ అంతస్తులో పది రౌటర్లు ఉంటే, వాటన్నిటికీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా దొరికే ఛానళ్ళు 1, 6, 11 అని మూడే. అమీర్‌పేట హాస్టల్ గదుల పరిస్థితి ఇంకా ఇరుకు. అదే ఫ్రీక్వెన్సీ పట్టీలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ, మైక్రోవేవ్ ఓవెన్ కూడా పనిచేస్తాయి. మన సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా లాభం లేకపోవడానికి కారణం ఇదే. గీతలు సిగ్నల్ బలాన్ని చెబుతాయి, వంతు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పవు.

అందువల్ల మొదటి సెట్టింగ్ సెట్టింగే కాదు, ఒక కేబుల్. క్యాట్ 5ఇ లేదా క్యాట్ 6 ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా ఒక జీబీపీఎస్ మోస్తుంది. హాల్లో టీవీ పక్కన ఉన్న రౌటర్ నుంచి పడకగది దాకా గోడ అంచు వెంట మేకు క్లిప్పులతో లాగితే, ఏ గేమింగ్ రౌటర్ కొన్నా రాని మార్పు వస్తుంది. అద్దె ఇల్లు కాబట్టి మేకులు కొట్టనివ్వరంటే తలుపు కింద నుంచి పోయే పలచని కేబుళ్ళు కూడా దొరుకుతాయి.

కేబుల్ వీలుకాని ఇంట్లో 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. రౌటర్ పేజీలో రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టి ఉంటే పరికరం తనకు తోచినప్పుడు అటూ ఇటూ మారుతుంది, కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఆట కంప్యూటర్‌ను దానికే కట్టేయడం మంచిది. ఛానల్ వెడల్పు 80 నుంచి 40 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే స్పీడ్ టెస్టులో అంకె తగ్గుతుంది, పక్కవాళ్ళతో గొడవ కూడా తగ్గుతుంది. ఆటకు రెండోదే లాభం. ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ అడాప్టర్ పవర్ సేవింగ్‌ను మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. విద్యుత్తు ఆదా కోసం నిద్రపోయే అడాప్టర్, తనకోసం ప్యాకెట్ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రౌటర్ ప్రకటన కోసం మేల్కొంటుంది, ఆ ప్రకటన చాలా రౌటర్లలో 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. పైన చెప్పిన 118, 96 లాంటి అంకెల వెనక ఇది ఉండటం అరుదు కాదు. సిగ్నల్ అందని గదికి వైఫై ఎక్స్‌టెండర్ పెట్టుకోవడం చివరి మార్గం, ఎందుకంటే అది ప్రతి ప్యాకెట్‌నూ విని మళ్ళీ పలకాలి, వంతు కోసం రెండుసార్లు ఆగాలి.

క్యూ అనే అసలు దొంగ

కేబుల్ వేశాక కూడా ఇంట్లో ఎవరో ఫోటోలు బ్యాకప్ పెట్టగానే పింగ్ 25 నుంచి 400కు ఎగురుతుందంటే, అందరూ చెప్పే మాట నెట్ చాలడం లేదని. నిజానికి జరిగేది వేరు. రౌటర్‌లోకి ప్యాకెట్లు వచ్చే వేగం, బయటికి పోయే వేగం కంటే ఎక్కువైనప్పుడు అది వాటిని తన జ్ఞాపకంలో వరుసగా నిలబెడుతుంది. జ్ఞాపకం చవకైంది కాబట్టి తయారీదారులు ఆ వరుసకు ఎక్కువ చోటు ఇచ్చారు. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, రౌటర్‌లో వరుసకు ఉన్న చోటు ఒక మెగాబైట్ అనుకుందాం. ఒక మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. దాన్ని 20తో భాగిస్తే 0.4 సెకను. అంటే వరుస నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన ప్రతి ప్యాకెట్, అది మీ తూటా వార్తను మోసే 100 బైట్ల ప్యాకెట్ అయినా సరే, 400 మిల్లీసెకన్లు నిలబడాలి. లెవెల్ క్రాసింగ్ దగ్గర ధాన్యం లారీల వరుస వెనక చిక్కుకున్న బైకు లాంటిది దాని పరిస్థితి. ఫోటోల బ్యాకప్ టీసీపీ మీద నడుస్తుంది, టీసీపీ ఒక ప్యాకెట్ మాయమయ్యేదాకా వేగం పెంచుతూనే ఉంటుంది, చోటు ఎక్కువ ఉన్న రౌటర్ ప్యాకెట్‌ను మాయం కానివ్వదు, కాబట్టి వరుస ఎప్పుడూ నిండే ఉంటుంది.

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో దీన్ని తన ఇంటి కనెక్షన్‌లో గుర్తించి, పేరుపెట్టి, అందరి దృష్టికీ తెచ్చాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రచురించారు: వరుస ఎంత పొడవుందని కాకుండా, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందని చూసి, ఆలస్యం ఎక్కువకాలం కొనసాగితే కొన్నిటిని తొలగించి పంపేవాడికి నెమ్మదించమని సంకేతం ఇవ్వడం దాని సారం. దాన్ని ప్రతి ప్రవాహానికీ వేరే వరుసతో కలిపిన ఎఫ్‌క్యూ కోడెల్, ఆ తర్వాత వచ్చిన కేక్ ఇప్పుడు లినక్స్ కెర్నెల్‌లో ఉన్నాయి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌క్యూఎమ్ అనే పేరుతో దొరుకుతాయి. పెద్ద ప్రవాహాలు తమ వరుసలో తాము నిలబడతాయి, ఆట ప్యాకెట్ తన చిన్న వరుస నుంచి వెంటనే బయటికి పోతుంది. షూటర్ ఆటల కోసం రౌటర్‌లో మార్చవలసిన ఒకే ఒక్క సెట్టింగ్ చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

దీన్ని పెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది. ఎస్‌క్యూఎమ్‌లో వేగాన్ని కొలిచిన వేగానికి కొంచెం తక్కువగా, సుమారు 90 శాతానికి ఇవ్వాలి. 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 100 అప్‌లోడ్ వస్తుంటే రెండు చోట్లా 90. అలా ఇస్తేనే వరుస మన రౌటర్‌లో, మన అదుపులో ఏర్పడుతుంది. పూర్తి వేగం ఇస్తే వరుస నెట్ కంపెనీ పరికరంలో ఏర్పడుతుంది, అక్కడ మన కోడెల్ లేదు. పది శాతం వేగం వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు కానీ, అదే నిలకడకు ధర. ఇంకొక పరిమితి రౌటర్ ప్రాసెసర్‌ది. ఎస్‌క్యూఎమ్ పెట్టగానే ప్రాసెసర్‌కు పని తగ్గించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆగిపోయి ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసరే చూడాలి, కాబట్టి చవక రౌటర్ 300 ఎంబీపీఎస్ లైన్‌ను మోయలేక తానే అడ్డంకి అవుతుంది. నెట్ కంపెనీ ఇచ్చే ఫైబర్ మోడెమ్‌లలో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను మాత్రమే అందించేలా) పెట్టించి, వెనక సొంత రౌటర్ పెట్టుకోవాలి. కంపెనీ యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ అయితే ఆ వివరాలు ముందే అడిగి తీసుకోవాలి.

సొంత రౌటర్ కొనలేనివారు వరుసను నింపేవాళ్ళనే ఆపవచ్చు. ఫోన్లలో ఫోటోల బ్యాకప్‌ను రాత్రి చార్జింగ్ సమయానికి మార్చడం, విండోస్ డెలివరీ ఆప్టిమైజేషన్‌లో మన కంప్యూటర్ నుంచి ఇతరులకు అప్‌డేట్లు పంపే వీలును తీసేయడం, వన్‌డ్రైవ్‌ను ఆట సమయంలో ఆపడం, స్టీమ్‌లో ఆట నడుస్తుండగా డౌన్‌లోడ్లు వద్దని పెట్టడం, ఇంటి ముందు కెమెరా క్లౌడ్‌లోకి ఎక్కించే వీడియో నాణ్యతను తగ్గించడం, ఈ నాలుగైదు పనులు చాలా ఇళ్ళలో సరిపోతాయి.

పనిచేయని చిట్కాలు

రిజిస్ట్రీలో టీసీపీ నోడిలే, టీసీపీ యాక్ ఫ్రీక్వెన్సీ విలువలు వేయమని ఎక్కువగా చెబుతారు. అవి చిన్న టీసీపీ ప్యాకెట్లను పోగుచేసి పంపే నేగల్ పద్ధతికి, దాని జవాబులకు సంబంధించినవి. ఆ పద్ధతి 1984 నాటిది. మన తూటాలు యూడీపీలో పోతున్నాయి కాబట్టి ఈ విలువలు వాటిని చేరవు. విండోస్ క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లకు ముందు చోటిచ్చే ఏర్పాటు) కోసం 20 శాతం నెట్ దాచిపెట్టుకుంటుందన్నది ఎక్స్‌పీ కాలం నుంచి తిరుగుతున్న అపోహ. ఆ భాగాన్ని అడిగిన ప్రోగ్రామ్ ఏదీ లేనప్పుడు అది అందరికీ అందుబాటులోనే ఉంటుంది. డీఎన్ఎస్ పని పేరును చిరునామాగా మార్చడంతో అయిపోతుంది, మ్యాచ్ మొదలయ్యాక దాని పాత్ర లేదు. ఎంటీయూను, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, 1500 నుంచి 1492 బైట్లకు మార్చడం లాగిన్ పద్ధతి కనెక్షన్లలో కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోని సమస్యకు మందు, కొన్ని వందల బైట్ల ఆట ప్యాకెట్‌కు దానితో పని లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చే ప్యాకెట్లను రౌటర్ మన యంత్రానికి పంపేలా దారి తెరవడం, దాని సంగతి కొంచెం వేరు. ఆటగాళ్ళ యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆటల్లో, వాయిస్ చాట్‌లో, నాట్ టైప్ స్ట్రిక్ట్ (బయటి యంత్రాలను రౌటర్ లోపలికి రానివ్వడం లేదు) అని వస్తే జట్టు కుదరకపోవచ్చు. రౌటర్‌లో యూపీఎన్‌పీ (ఆటే తనకు కావలసిన దారిని తెరిపించుకునే వీలు) తెరిస్తే అది కొంత తగ్గుతుంది. కానీ మన దేశంలో చాలా నెట్ కంపెనీలు ఎందరో వినియోగదారులను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతున్నాయి. మీ రౌటర్ పేజీలో కనిపించే వ్యాన్ (బయటి వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ ఏర్పాటు వెనకే ఉన్నారు, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 మ్యాచ్‌లు ఆట తయారీ కంపెనీల సర్వర్ల మీదే నడుస్తాయి కాబట్టి వాటి పింగ్‌కు ఇదేదీ సంబంధించినది కాదు.

ఆట లోపల

వాలరెంట్‌లో నెట్‌వర్క్ బఫరింగ్ అనే ఎంపిక ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2లో ప్యాకెట్ లాస్‌ను సర్దడానికి ఒకటి లేదా రెండు ప్యాకెట్లు ఆపి ఉంచే ఎంపిక ఉంది. రెండూ చేసేది ఒకటే, జిట్టర్‌ను కప్పడానికి కావాలని కొంత ఆలస్యాన్ని కలపడం. కనెక్షన్ శుభ్రంగా ఉంటే వీటిని కనిష్ఠంలో ఉంచాలి. హాస్టల్ వైఫై లాంటి మన చేతిలో లేని చోట మాత్రం ఒక మెట్టు పెంచి చూడటం సబబు, కొంచెం ఆలస్యమైనా ఎదుటివారి కదలిక నునుపుగా కనిపిస్తుంది. రెండు ఆటలూ తెరమీద పింగ్, లాస్ అంకెలను చూపించగలవు. వాలరెంట్‌లో గ్రాఫ్ రూపంలో పెట్టుకుంటే ఆట తడబడిన క్షణానికి గ్రాఫ్ ఎగిరిందో లేదో చూడవచ్చు. ఎగరకపోతే తప్పు నెట్‌వర్క్‌ది కాదు. 60 ఫ్రేముల తెర మీద ఒక్కో చిత్రానికే 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు తడబడితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది, అది రౌటర్ మార్చితే తగ్గేది కాదు.

ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవారికి ఇవే సూత్రాలు వర్తిస్తాయి, ఒక్క తేడాతో: అక్కడ టవర్ కూడా వంతులు పంచుతుంది. సిగ్నల్ అంచున ఉన్న గదిలో ఫోన్ 4జీకీ 5జీకీ మధ్య మారుతూ ఉంటే, రెండింటిలో నిలకడగా ఉన్నదానికి కట్టేయడమే మంచిది, అది 4జీ అయినా సరే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో అడుగుల చప్పుడు వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా వినిపించవచ్చు, దాన్ని నెట్ లోపంగా పొరబడేవారు ఎక్కువ. తీగ ఇయర్‌ఫోన్‌తో ఒకసారి పోల్చి చూడాలి.

ఇంటి బయట

ఇంట్లో అన్నీ సరిగ్గా ఉండి, రెండో కిటికీలో ప్యాకెట్లు మాయమవుతుంటే ముందు చూడవలసింది ఫైబర్ మోడెమ్ పేజీలో ఉన్న ఆప్టికల్ పవర్ అంకె. సాధారణ జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే పద్ధతి) మోడెమ్‌కు అందే కాంతి బలం మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి దిగితే అది అంచున వేలాడుతోంది. మన ఊళ్ళలో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది, గాలివానకు లాగబడుతుంది, కోతులు లాగుతాయి, టీవీ వెనక గట్టిగా మడిచి కట్టినా కాంతి కారిపోతుంది. ఈ అంకెను చెప్పి టెక్నీషియన్‌ను పిలిస్తే అతను మోడెమ్ ఆపి పెట్టి వెళ్ళిపోకుండా కనెక్టర్ మార్చే అవకాశం ఎక్కువ.

కాంతి బాగుండి, రాత్రిపూట మాత్రమే పింగ్ పెరుగుతుంటే అది రద్దీ. జీపాన్‌లో ఒక పోర్టు ఇచ్చే 2.5 జీబీపీఎస్‌కు కొంచెం తక్కువ డౌన్‌లోడ్‌ను, 1.25కు కొంచెం తక్కువ అప్‌లోడ్‌ను 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. అక్కడ కాకపోతే ఊరి నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో పోయే కంపెనీ లింకులో నిండుతుంది. దాన్ని మన సెట్టింగు ఏదీ తగ్గించదు. వారం రోజుల పాటు ఉదయం ఆరింటికీ రాత్రి తొమ్మిదింటికీ పింగ్ ఫలితాలను ఫైల్‌లో దాచి, కేబుల్ మీద తీసినవని రాసి ఫిర్యాదుకు జతచేస్తే, స్పీడ్ టెస్టు చూపించి వేగం వస్తోంది కదా అనే జవాబుకు తావుండదు.

రోజంతా పింగ్ నిలకడగా 80, 90 దగ్గర ఉంటే అది రద్దీ కాదు, దారి. ట్రేస్‌రూట్‌లో హైదరాబాద్ నుంచి ముంబైకి పోవలసిన ప్యాకెట్ చెన్నై మీదుగా సింగపూర్ వెళ్ళి వెనక్కి రావడం కనిపించవచ్చు. కంపెనీలు తమలో తాము, లేదా 2003లో ఏర్పడిన నిక్సీ వంటి ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీల (నెట్ కంపెనీలు ప్యాకెట్లు ఇచ్చిపుచ్చుకునే కూడళ్ళ) దగ్గర, ఎక్కడెక్కడ కలుసుకుంటాయన్నదాని మీద ఈ దారి ఆధారపడి ఉంటుంది. దారి వంకరగా ఉన్నప్పుడు మాత్రమే గేమింగ్ వీపీఎన్‌కు అర్థం ఉంది, ఎందుకంటే అది మన ప్యాకెట్‌ను వేరే కంపెనీ దారిలోకి మళ్ళిస్తుంది. దారి ఇప్పటికే తిన్నగా ఉన్న ఇంట్లో అదే వీపీఎన్ ఒకటి రెండు మజిలీలను అదనంగా చేర్చుతుంది. ఉచిత ట్రయల్ రోజుల్లో ఆట గ్రాఫ్‌లోని అంకెను దానితో, అది లేకుండా పోల్చి చూసి, తేడా పది మిల్లీసెకన్లు కూడా లేకపోతే డబ్బు కట్టనక్కర్లేదు. కంపెనీ మారాలనుకునేవారు అదే వీధిలో ఆ కంపెనీ లైన్ ఉన్న స్నేహితుడి ఇంటికి ల్యాప్‌టాప్, కేబుల్ తీసుకెళ్ళి, రాత్రి తొమ్మిది తర్వాత అదే ఆటలో రెండు మ్యాచ్‌లు ఆడి, గ్రాఫ్ చూశాకే దరఖాస్తు పెట్టుకోవాలి.